కాశీలో వదిలిన పాలు

పెంటపాడు మండలం,
2024 డిసెంబరు 8

పూజ్యులైన అక్కయ్యకి తమ్ముడు ఏడుకొండలు నమస్కారాలు.

మీరు కాశీ నుంచి క్షేమంగా తిరిగొచ్చారని మీవాడు శేషగిరి మా ఎదురింటికి ఫోన్ చేసి చెప్పాడట. నా చెవుల సంగతి మీకు తెలిసిందే. మిషన్ పెట్టుకుంటే ట్రాక్టరు మోత వినబడుతుంది గాని మనిషి మాట వినబడదు. అందుకే ఈ కాగితం.

ఇక్కడ ఒక సంగతి నడుస్తోంది. కాలవ పక్కన నాన్నగారు మనిద్దరికీ పంచిన పొలం చెక్క ఉంది కదా, మీ అర ఎకరం, నా అర ఎకరం. రెండూ కలిపి చేపల చెరువుకి ఇమ్మని అబ్బాయిరాజుగారు అడుగుతున్నారు. చుట్టుపక్కల ముగ్గురు అప్పుడే ఇచ్చేశారు. నాలుగు వైపులా చెరువు నీళ్ళు నిలిస్తే మధ్యలో మన వరి ఊటకి కుళ్ళిపోతుంది. నా వరకు నేను సరేనన్నాను. మీ దాంట్లో గది, దొడ్డి కూడా ఉన్నాయి కనక మీ మాట లేనిదే గడ్డపార పడనివ్వను.

శనివారం బస్సుకి మీ మరదలు నెయ్యి డబ్బా పంపుతుంది. గేదె రెండో ఈత, చక్కగా ఇస్తోంది.

చివరగా, మీ పాలు ఏం చేయమంటారో ఒక్క ముక్క రాయించండి. మీరు ఊఁ అంటే ఊఁ, కాదంటే కాదు.

మీ తమ్ముడు,
ఏడుకొండలు

*

ఏలూరు,
2024 డిసెంబరు 15

తమ్ముడు ఏడుకొండలుకి అక్క వెంకటనరసమ్మ దీవించి రాయిస్తున్నది.

రాసేది మా పైవాటాలో ఉండే ఉమాకుమారిగారు. తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. నేను ఒక మాటంటే ఆవిడ దాన్ని స్నానం చేయించి, బొట్టుపెట్టి కాగితం మీద కూర్చోబెడుతున్నారు. అంచేత ఇందులో మర్యాదగా ఉన్నదంతా ఆవిడది, మిగతాది నాది.

నీ ఉత్తరం నా మనవరాలు రమ్యశ్రీ చదివింది. దానికి అచ్చు తెలుగు వస్తుంది గాని చేతిరాత రాదు. మొదటి పేజీ చూసి, "బామ్మా, ఇది తెలుగేనా" అని అవతల పెట్టి, ఆఖరి నాలుగు లైన్లు కూడబలుక్కుంది. నా పాలు ఏం చేయమంటావని అడిగావట. చెబుతా విను.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనది ఒకటి వదిలిపెట్టాలి కదా. మా బస్సులో నలభై మంది. ఒకాయన కాకరకాయ వదిలాడు. ఒకావిడ పొట్లకాయ వదిలింది, పుట్టి బుద్ధెరిగాక దాన్ని ముట్టిన మనిషి కాదు. గంగమ్మని అలా మోసం చేస్తుంటే నాకు ఒళ్ళు మండింది. నేను ప్రాణం పెట్టుకున్నదేదో అదే వదిలాను. మూడు మునకలు వేసి, పైకి లేచి, నలుగురూ వినేట్టు అన్నాను: "నా పాలు నేను వదిలేశాను తల్లీ, ఈ జన్మలో మళ్ళీ ముట్టను."

కాబట్టి నన్ను అడగక్కర్లేదు. ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం. నెయ్యి కూడా ఇక పంపవద్దు. వదిలినప్పుడు వదిలినట్టే ఉండాలి.

ఇక్కడి సంగతి. మావాడు కొన్న ఇల్లు ఏలూరు అని పేరేగాని ఏలూరు కాదు. బైపాస్ అవతల లేఅవుట్. అరవై స్థలాలకి పదకొండు ఇళ్ళు, మిగతాదంతా సర్కారు తుమ్మ, కుక్కలు. బస్సు లేదు. ఆటోవాడు గేటు దాకా వచ్చి, లోపలికి రానంటాడు. కూరగాయల బండి వారానికి రెండుసార్లు వస్తుంది. ఊరంతా తిరిగి, అందరూ ఏరుకోగా మిగిలిన వంకాయలు మాకు. శేషగిరీ, కోడలు దుర్గాభవానీ ఎనిమిదింటికి స్కూటర్ల మీద ఆఫీసులకి పోతారు. నా మోకాలు ఆపరేషను కుట్లు మానాయి గాని, గేటు దాకా నడిస్తే వాస్తుంది. కోడలు సాయంత్రం వస్తూ కర్రీ పాయింట్ దగ్గర కూర పొట్లాలు తెస్తుంది. అక్కడ కోడిగుడ్డు కూరలో పెట్టిన గరిటె బెండకాయలో పెడతారని రమ్యశ్రీయే చెప్పింది. మీ బావగారు పోయిన నాటి నుంచి నీచు ముట్టని దాన్ని, ఆ పొట్లం విప్పను. రోజూ అన్నమూ, చింతకాయ పచ్చడీ.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క
(వేలిముద్ర)

*

పెంటపాడు మండలం,
2024 డిసెంబరు 27

అక్కయ్యకి నమస్కరించి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మరదలికి చదివి వినిపిస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎంతో కొంత బెట్టు చేస్తారనుకున్నాం గాని, గంగలో నిలబడి ఒక్క మాటతో వదిలేస్తారనుకోలేదు. నెయ్యి కూడా వద్దన్నారంటే మీరు అన్నిటికీ అతీతులైపోయినట్టే.

మీ మాట అబ్బాయిరాజుగారికి చెప్పాను. ఆయన ఏలూరు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

తిండికి ఇబ్బంది పడవద్దు. బైపాస్ మీద ప్యూర్ వెజ్ హోటల్ కొత్తది పెట్టారని మా ఊరి సత్తిబాబు చెప్పాడు. శేషగిరిని తీసుకెళ్ళమనండి.

మీ తమ్ముడు,
ఏడుకొండలు

*

ఏలూరు,
2025 జనవరి 22

తమ్ముడూ,

నీ ఉత్తరం పంతులమ్మగారు చదివారు. గుక్కెడు పాలు మానేస్తే మరదలు ఏడవడం ఏమిటి? ఆ అబ్బాయిరాజు ఎవరో గాని, నా వంతు పాలు కూడా పోయించుకుంటున్నాడు కాబోలు, దణ్ణం పెట్టడూ మరి.

నువ్వు చెప్పావని ఆ హోటల్‌కి వెళ్ళాం. కిరాయి కారులో చలి మిషన్, హోటల్లో చలి మిషన్. వడ్డించే కుర్రవాడిని పిలిచి, బాబూ, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి తగలనిది ఏముంది అన్నాను. అంతా వెజ్జేనండీ అన్నాడు. వెజ్ కాదయ్యా, పాడి లేనిది అన్నాను. అతను లోపలికి వెళ్ళి మేనేజర్ని తీసుకొచ్చాడు. మేనేజరు వచ్చి, అమ్మగారూ, పప్పు నెయ్యితో తాలింపు, కూరలన్నిటికీ జీడిపప్పు మీగడ, బిర్యానీకి పెరుగు, రొట్టెకి వెన్న, ఆఖరికి సొరకాయ కూర కూడా మన గోదావరి పద్ధతిలో పాలు పోసి చేస్తామండీ, అని గొప్పగా చెప్పాడు. మరి నేనేం తినాలంటే, మంచినీళ్ళ సీసా తెచ్చి పెట్టాడు.

శేషగిరికి తల కొట్టేసినట్టయింది. "అందరి ముందూ ఎందుకమ్మా ఈ పంచాయితీ" అన్నాడు. నేను పంచాయితీ పెట్టలేదు, అన్నం అడిగాను.

రమ్యశ్రీ ఫోన్లో వెతికింది. ఇలా పాడి ముట్టనివాళ్ళని వీగన్ అంటారట. బాగానే పెట్టారు పేరు, వీగను అంటే వీగనంతే అన్నాను. అది పడీపడీ నవ్వింది. వాళ్ళకని వేరే తిండి బెజవాడలో దొరుకుతుందట గాని, మా లేఅవుట్‌కి తెచ్చి ఇవ్వరట. బైపాస్ దాటరట. గేటు దగ్గర విశ్వాసం అనే ఆయన ఇడ్లీ బండి పెడతాడు. మంచివాడు. నాకని నెయ్యి లేకుండా, చేతులు కడుక్కుని మరీ తీస్తాడు. కాని పొద్దుటా రాత్రీ ఇడ్లీ తిని ఎన్నాళ్ళుంటాను? ఒళ్ళు కూడా ఇడ్లీలాగే తయారైంది. నొక్కితే లోపలికి పోతోంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. పోయిన ఆదివారం చారు తాగితే నాలిక మీద తేడాగా తగిలింది. కోడల్ని నిలదీశాను. డాక్టరు నీరసం అన్నాడని నెల రోజులుగా మధ్యాహ్నానికి నాకని ఇంట్లో చేసే చారులో, పప్పులో పాలపొడి కలుపుతోంది. "మీరు పడిపోతే చూడవలసింది నేనే కదండీ అత్తయ్యా" అంది. తప్పు చేసినట్టు కూడా లేదు మొహం. మంచి చేస్తున్నట్టుంది. దానికి ఏం చెప్పను?

నేను ఎందుకు వదిలానో దానికీ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. నీకు గుర్తుందా, శేషగిరికి నాలుగేళ్ళప్పుడు మన బూడిదరంగు గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే అది చేపదు, పొదుగులోకి పాలు దించదు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరించి, కుట్టించి, దాని ముందు నిలబెట్టాను. అది గడ్డి దూడని నాకుతూ నాకుతూ చేపేది, నేను పిండుకునేదాన్ని. నలభై రోజులు. నాకి నాకి తోలు కుట్లు వదిలి, గడ్డి బయటికొచ్చింది. ఆ గడ్డి చూసి కూడా అది ఇంకా నాకింది. కాశీలో నీళ్ళలో దిగగానే నాకు అదే కనబడింది. అంతే. పుణ్యం కోసం కాదు.

అందుకని నేను నిర్ణయం చేసుకున్నాను. శివరాత్రి వెళ్ళగానే వచ్చేస్తున్నాను. నీ ఇంటికి కాదు, నా గదికి. నీ ఇంట్లో మరదలి పొయ్యి, ఇక్కడ కోడలి పొయ్యి. డెబ్భై నాలుగేళ్ళు వచ్చాయి, నా పొయ్యి మీద నాకు తెలిసిన కూర నేను వండుకు తినాలని ఉంది. దొడ్లో మునగ ఉంది, కరివేపాకు ఉంది. గోంగూర మడి ఒకటి కొట్టించు. ఆనప గింజలు పాదులో పెట్టించు. పొయ్యి అలికించి, గది కప్పు మీద రెండు పెంకులు మార్పించు. శేషగిరికి ఇంకా చెప్పలేదు. చెబితే మోకాలు అడ్డం పెడతాడు. ఆ గది నాదే, వాడిది కాదు.

అక్క
(వేలిముద్ర)

*

పెంటపాడు మండలం,
2025 ఫిబ్రవరి 1

అక్కయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

ఏ గది అక్కయ్యా? సంక్రాంతి వెళ్ళిన మూడో రోజునే పొక్లెయిన్ దింపారు. మీ అర ఎకరం, నా అర ఎకరం, గది, దొడ్డి, అన్నీ కలిసి ఒకే చెరువు. కాలవ నీళ్ళు పెట్టేశారు. చేపపిల్లల్ని కూడా వదిలారు.

మొదటి ఉత్తరంలో నేను అడిగింది గేదె పాలు కాదు. నాన్నగారు మీకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మీ పాలు, మీ వాటా. ఆ సంగతి మొదటి పేజీలోనే వివరంగా రాశాను. మీరు నా పాలు వదిలేశాను, ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం అన్నారు. నేను ఇంకో అర్థం వెతకలేదు. నెయ్యి కూడా వద్దన్నారు. ఇంకేమనుకోమంటారు?

ఇప్పుడు మీరు కావాలన్నా నాకు భయంగా ఉంది. మన పురోహితులు వేంకటాచలంగారిని అడిగాను. గంగలో వదిలానని నోటితో అన్న వస్తువు మళ్ళీ చేపడితే అన్నవాళ్ళకీ, ఇచ్చినవాళ్ళకీ దోషం అన్నారు.

మీ వాటా చెరువుకి ఇచ్చినట్టు అబ్బాయిరాజుగారు కాగితం రాయించారు. మీ వేలిముద్ర ఉంటేగాని అది చెల్లదు. ఇందులో పెట్టి పంపుతున్నాను. ఊళ్ళో నేను మాట ఇచ్చాను అక్కయ్యా. మీరు మా ఇంటికి రండి. మీకు వేరే గిన్నెలు పెట్టిస్తాను.

మీ తమ్ముడు,
ఏడుకొండలు

*

ఏలూరు,
2025 ఫిబ్రవరి 9

ఏడుకొండలుకి,

పంతులమ్మగారు నీ ఉత్తరం సగం చదివి ఆగిపోయారు. నేనే చదవమన్నాను. తర్వాత నీ పాత ఉత్తరం, రమ్యశ్రీ అవతల పెట్టిన ఆ పేజీతో సహా, అలమరలోంచి తీయించి మొత్తం చదివించుకున్నాను. నువ్వు రాసింది నిజమే. సరిగ్గానే అడిగావు. తప్పు పేజీ తిప్పనివాళ్ళది. చదువు రాని నాది. పంతులమ్మగారు తన తప్పేమోనని ఒకటే బాధపడుతున్నారు. నేను వదిలేశానన్నదాన్ని ఆవిడ కూడా వదిలేశాననే రాశారు, ఇంకేం రాస్తారు?

కాని నిన్ను ఒకటి అడుగుతాను. నాకు ప్రాణమైనది వదిలానని రాయించాను. నాకు ఆ నేల ప్రాణమని నీకు తెలుసన్నమాట. తెలిసి, ముప్పై మైళ్ళు బస్సెక్కి వచ్చి, అక్కా, నిజంగానేనా అని ఒక్కసారి అడగలేకపోయావు. నీకు కావలసిన అర్థం దొరికింది, పట్టుకుని పోయావు. చెవులు వినబడకపోతే వినబడలేదను. ఇది చెవుల సంగతి కాదు.

వేంకటాచలంగారు దోషం అన్నారట. గంగ ఒడ్డున నేను తెలుగులో మాట్లాడాను. గంగమ్మకి తెలుగు వస్తే నేను ఏ పాలు వదిలానో ఆవిడకి తెలుసు. రాకపోతే ఏదీ వదిలినట్టు కాదు. ఈ మాట ఆయనకి చెప్పి, జవాబు కనుక్కుని రాయి.

మీ ఇంటికి రమ్మన్నావు. వేరే గిన్నెలు ఇక్కడా ఇచ్చారు. గిన్నెలు కాదు నాకు కావలసింది.

శేషగిరికి ఇప్పుడు అన్నీ తెలిశాయి. "పోనీలే అమ్మా, నువ్వు ఒక్కదానివి అక్కడ ఎలా ఉంటావు" అన్నాడు. వాడి గొంతులో ఎంత నిశ్చింత ఉందో నాకు వినబడింది. సాయంత్రం గేటు దాకా నడిచాను. వాచ్‌మన్ లేచి, ఎక్కడికండీ బామ్మగారూ అన్నాడు. ఎక్కడికీ లేదు నాయనా అని వెనక్కి వచ్చాను. నిజమే కదా, ఎక్కడికీ లేదు.

కాగితం నా తలగడ కింద ఉంది. వేలు నా చేతికే ఉంది. అది వేయను.

వెంకటనరసమ్మ

*

పెంటపాడు మండలం,
2025 ఫిబ్రవరి 17

అక్కయ్యకి,

మీరు రాసిందాంట్లో కాదనడానికి నాకు ఒక్క లైను కూడా కనబడలేదు. గురువారం పొద్దుట బస్సుకి వస్తున్నాను. మీరు తిట్టండి. చెవిలో మిషన్ పెట్టుకునే వస్తాను.

ఏడుకొండలు

*

ఏలూరు,
2025 మార్చి 3

తమ్ముడూ,

నువ్వు వచ్చి వెళ్ళి పది రోజులు దాటింది. నాలుగు గంటలు నా ఎదురుగా కూర్చున్నావు. నేను ఏమేం అన్నానో నీకు వినబడలేదని నాకు తెలుసు. నేను తిడుతుంటే నువ్వు తలూపావు, నేను ఏడిస్తే కూడా తలూపావు. నువ్వు మిషన్ సరిచేసుకుంటుంటే అది కూసింది. అందుకే మళ్ళీ రాయిస్తున్నాను. పంతులమ్మగారితో ఒట్టు వేయించుకున్నాను, ఒక్క మాట కూడా దిద్దనని. ఈ కాగితం మొదటి నుంచి ఆఖరి దాకా నువ్వే చదువు. ఎవరికీ ఇవ్వకు.

నువ్వు సంచీలోంచి ఆ నాలుగు గిన్నెల క్యారేజీ తీశావు. మూత తీయగానే గోంగూర వాసన ఇల్లంతా వచ్చింది. కందిపప్పులో నువ్వుల నూనె తాలింపు. గుత్తి వంకాయ, నువ్వుపొడి, ఎండుకొబ్బరి కూరి. పులుసులో ఆనప ముక్కలు, బెల్లం. మరదలు ప్రతి మూతకీ చీటీ అంటించింది, ఇందులో పాడి తగల్లేదు అని. నాకు చదవడం రాదని కూడా గుర్తులేదు దానికి. నాలుగు చీటీలు. రమ్యశ్రీ చదివి చెబితే నాలుగూ మళ్ళీ చదివించుకున్నాను.

నవంబరు నుంచి నేను కడుపునిండా తిన్న అన్నం అదే. వంగి, ఎవరు చూస్తున్నారో కూడా చూడకుండా తిన్నాను. నువ్వు చూశావు. రెండోసారి కూడా వడ్డించావు. అప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి, తలగడ కింద నుంచి కాగితం తీసి నీ ముందు పెట్టాను. నువ్వు ఇంకుపెట్టె తీశావు. నేను వేలు వేశాను.

నువ్వు నా పాదాలు పట్టుకున్నావు. బయటికి వెళ్తూ శేషగిరితో, "అక్కయ్య మనసు వెన్న, క్షమించేసింది" అన్నావట. వాడు నాకు చెప్పాడు.

ఇంకో పొరపాటు అర్థం నీ దగ్గర ఉండనివ్వను. నేను క్షమించి వేలు వేయలేదు. ప్రేమతో వేయలేదు. చెరువు అయిపోయింది కదా, ఇక ఏం లాభం అని కూడా వేయలేదు. ఆకలికి వేశాను. ఆ అన్నం మళ్ళీ దొరుకుతుందా లేదా అనే భయానికి వేశాను. మీ అక్క ఎంత గట్టిదో నీకు తెలుసు. అంత గట్టిది ఎక్కడికి వచ్చిందో కూడా నీకు తెలియాలి. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

క్యారేజీ కడిగి ఉంచాను. రేపు మధ్యాహ్నం మావాళ్ళు బస్సు కండక్టరుకి ఇస్తారు. శనివారానికి నింపి పంపమని మరదలితో చెప్పు. వంకాయలో ఉప్పు తగ్గింది.

అక్క
(వేలిముద్ర)